పళ్లెం వెనక ఎవరి పేరు

మొన్న వైశాఖంలో మా చెల్లెలి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్లాం. భోజనాలకి బంతులు లేవు, బఫే అన్నారు. వరసలో నిలబడి, నా వంతు రాగానే దొంతరలోంచి తెల్లటి పింగాణీ పళ్లెం ఒకటి అందుకుని, అన్నం పెట్టించుకోవడానికి బదులు దాన్ని బోర్లించి అడుగున ఏముందో చూశాను. నీలం రంగులో చిన్న కిరీటం, దాని కింద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. కళ్లజోడు సర్దుకుని వాటిని కూడబలుక్కుంటుంటే మా కోడలు వెనకనుంచి మోచెయ్యి గిల్లింది. ఆమె తరవాత నిలబడ్డ పెద్దాయన, ఇదేదో చూడవలసిన సంగతి కాబోలనుకుని తన పళ్లెం కూడా తిప్పి చూసుకున్నాడు. ఇంటికొచ్చాక కోడలు అడిగితే శుభ్రంగా కడిగారో లేదో చూశానని చెప్పి తప్పించుకున్నాను. అసలు సంగతి ఆమెకి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. మీకైతే చెప్పగలను, ఎందుకంటే గిన్నెల మీద పేర్లు కొట్టించుకున్న తరం మనది.

మా కోనసీమలో పేరు లేని గిన్నె గిన్నె కిందకి రాదు. స్టీలు సామాను కొన్న కొట్లోనే చిన్న మిషనుతో టకటకలాడిస్తూ చుక్కలు చుక్కలుగా ఇంటిపేరు, మనిషి పేరు, పెళ్లి సామానైతే తారీఖుతో సహా కొట్టించుకునే వాళ్లం. పులుసు పోసిన గిన్నె పక్కింటికి వెళ్లేది, రెండు రోజులు పోయాక అందులో ఏ వడియాలో, నాలుగు జామకాయలో వేసుకుని తిరిగొచ్చేది, అంతేకాని ఖాళీగా వచ్చేది కాదు. ఏదైనా శుభకార్యం అయిన మర్నాడు మా అత్తగారు పెరట్లో పీట వేసుకుని కూర్చుని, గిన్నెలన్నీ బోర్లించి పేర్లు చదువుతూ ఎవరి సామాను వాళ్లకి పంపించేది. ఒకరి పేరున్న గ్లాసు ఇంకొకరి వంటింట్లో కనబడిందంటే ఇక ఆ రెండిళ్ల మధ్య నెల్లాళ్లు మాటలుండేవి కావు. అడిగి తెచ్చుకుని ఇవ్వకుండా ఉండాలి, లేకపోతే ఎత్తుకొచ్చి ఉండాలి, మూడో మాట లేదు. నేను ఈ చదువుతోనే బహ్రెయిన్ వెళ్లాను, బడి చదువు ఎనిమిదో తరగతితోనే ఆగిపోయింది.

తొంభైల మధ్యలో సంగతి ఇది. రైసుమిల్లు బెల్టులో పడి మా ఆయన కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. ఇద్దరు పిల్లలు, ఒకడు బడికి వెళ్తున్నాడు, ఒకతి ఇంకా చంకలో ఉంది. మా పెద్దమ్మ కొడుకు అప్పటికే మామీర్ దగ్గర ఒక కాంట్రాక్టరు క్యాంపులో ఉండి సిత్రా చమురు ట్యాంకుల మీద పనిచేసేవాడు. ఆ అన్నయ్యే వాళ్లనీ వీళ్లనీ కనుక్కుని, మనామాలో మహూజ్ అనే పేటలో ఉన్న ఒక ఇంగ్లీషు దంపతుల ఇంట్లో పనికి నాకు వీసా తెప్పించాడు. సారు ఇంజనీరు, ఆయనే నా కఫీల్, అంటే ఆ దేశంలో నాకు పూచీ ఉన్నవాడన్నమాట. నా పాస్‌పోర్టు ఆయన బల్ల సొరుగులో ఉండేది. మేడమ్‌కి అరవై ఉంటాయేమో, పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ మెడలో ఒక భూతద్దం వేలాడేసుకుని తిరిగేది. వెళ్లిన మొదటి రోజున ఆ భూతద్దం చూడగానే ఈవిడ నన్నేదో వెతికి పట్టుకోవడానికే ఉన్నట్టు నాకనిపించింది.

ఆ ఇంట్లో ముందుగది గోడలన్నీ అద్దాల బీరువాలే. వాటినిండా పాత పింగాణీ సామాను. వంతెన, చెట్టు, రెండు పిట్టలు ఉన్న నీలం పళ్లేలు, తాగి కూర్చున్న లావుపాటి ముసలాడి ఆకారంలో కూజాలు, జంటగా కూర్చున్న కుక్కబొమ్మలు, మూతలేని పులుసు గిన్నెలు. వాటిలో సగం బీటలు వారినవి. విరిగిన పళ్లేన్ని వెనకనుంచి ఇత్తడి చువ్వలతో కుట్టినట్టు అతికించి దాచుకున్నవి కూడా ఉన్నాయి. మన ఇళ్లల్లో పగిలిన వస్తువు గుమ్మం లోపల ఉంటే అరిష్టమని పొద్దు గుంకకుండా అవతల పారేస్తాం. ఈవిడ వాటికి దీపాలు పెట్టి మరీ చూసుకుంటుంటే, పోనీ ఇవి ఈవిడ పుట్టింటివేమో, పారెయ్యడానికి మనసు రాలేదేమో అనుకున్నాను.

మొదట్లో నన్ను అద్దాలు తుడవనిచ్చేది కాని సామాను ముట్టుకోనిచ్చేది కాదు. ఆ ఏడు గాలిదుమారాలు ఎక్కువై, ఎంత మూసినా అద్దాల సందుల్లోంచి సన్నటి దుమ్ము లోపలికి చేరడంతో గత్యంతరం లేక కడగడం నేర్పించింది. ప్లాస్టిక్ తొట్టి అడుగున మెత్తటి తువ్వాలు పరచాలి, గోరువెచ్చటి నీళ్లు పొయ్యాలి, ఒక్కసారికి ఒక్కటే ముంచాలి, చెవి పట్టుకుని ఎత్తకూడదు, రెండు చేతులా పొట్ట కింద పట్టుకుని ఎత్తాలి. అన్నిటికన్నా ముందు చేతి గాజులు తీసెయ్యమంది. మొగుడు బతికుండగా గాజులు తియ్యడమేమిటని నాకు ఒళ్లు మండిపోయింది. తియ్యనని తల అడ్డంగా ఊపి, గాజుల్ని మోచేతి దాకా పైకి తోసి చేతిగుడ్డతో గట్టిగా కట్టి చూపించాను. ఆవిడ ముడి లాగి చూసి సరేనంది.

అలా ఒక్కొక్కటీ కడిగి బోర్లిస్తున్నప్పుడు నా కంటపడ్డాయి ఆ పేర్లు. ప్రతి పళ్లెం అడుగునా ఏదో ఒకటి ఉంది. కొన్నిటికి కిరీటం, కొన్నిటికి లంగరు, కొన్నిటికి తాడు ముడి, కొన్నిటికి మట్టి పచ్చిగా ఉండగానే అచ్చు గుద్దిన పేరు. ఇంగ్లీషు అచ్చక్షరాలు కూడబలుక్కోవడం నాకు వచ్చు కాబట్టి అవి పేర్లని తెలిసింది. ఒక పళ్లెం మీదున్న పేరు ఇంకో పళ్లెం మీద లేదు. ఇంట్లోకి వచ్చే ఉత్తరాల మీద మేడమ్ పేరు, సారు పేరు చూసి చూసి నాకు కంఠతా వచ్చేశాయి. అన్ని పళ్లేలు కడిగాను, అందులో ఒక్కదాని వెనకా వాళ్ల పేరు కనపడలేదు. ఇంతమంది ఇళ్లల్లో సామాను ఈవిడ ఇంటికి ఎలా వచ్చిందో నాకు తెలిసిన రెండు దారుల్లో, అడిగి తెచ్చుకోవడమనేది ఇన్నిటికి కుదరదు కదా.

దానికి తగ్గట్టు పుస్తకాలొకటి. కిటికీ పక్క అరలో ఇటుకల్లాంటి పుస్తకాలు ఇరవైకి పైగా ఉండేవి. సారు ఇంట్లో లేనప్పుడు మేడమ్ ఒక పళ్లెం ఒళ్లో బోర్లించుకుని, ఎదురుగా పుస్తకం తెరిచి, భూతద్దంతో ఒకసారి దీన్నీ ఒకసారి దాన్నీ చూస్తూ పూటలకి పూటలు గడిపేది. నేను దుమ్ము దులిపే వంకన ఒక పుస్తకం తెరిచి చూశాను. పేజీల నిండా ఆ గుర్తులే. కిరీటాలు, లంగర్లు, ముడులు, వాటి పక్కన పేర్లు, ఊళ్లు, సంవత్సరాలు. కొన్నిటి పక్కన మేడమ్ పెన్సిలుతో టిక్కులు పెట్టింది, కొన్నిటి పక్కన ప్రశ్న గుర్తులు, ఒకచోట గీత కొట్టి కోపంగా ఏదో రాసింది. పోయిన సామాను ఎవరిదో, ఎక్కడిదో తెలిపే జాబితా ఇదని, చిక్కినవాటికి ఈవిడ టిక్కు పెట్టుకుంటోందని నేను తేల్చేశాను.

కొత్త సామాను వచ్చే పద్ధతి కూడా నా అనుమానానికి తగ్గట్టే ఉండేది. బహ్రెయిన్ వదిలి వెళ్లిపోయే ఇంగ్లీషువాళ్ల ఇళ్లకి శుక్రవారాల్లో వెళ్లి, న్యూస్‌పేపరు చుట్టిన పొట్లాలు తెచ్చుకునేది. ఆవిణ్ణి తిప్పే డ్రైవరు భాయ్ మన తెలంగాణ వైపు ముస్లిం, నన్ను అక్కా అని పిలిచేవాడు. ఆ పొట్లాల్లో ఏముంటుందని అడిగితే, "నాకేమెరుక అక్కా, మెల్లగ నడుపు, గుంతలల్ల ఎయ్యకు అంటది, గంతే" అన్నాడు. ఆవిడ పొట్లం విప్పి, పుస్తకం తెరిచి, ఒక్కోసారి చిన్నపిల్లలా నవ్వుకునేది, ఒక్కోసారి మొహం మాడ్చుకుని ఆ వస్తువుని కింద చెక్క బీరువాలో పెట్టి తాళం వేసేది. ఆ తాళం వేసినవి మళ్లీ వెలుగు చూసేవి కావు. మరీ పేరుమోసిన ఇంటివేమో, బయట పెడితే పట్టుబడతామని దాచిందనుకున్నాను.

శుక్రవారాల్లో నాకూ మూడు గంటలు సెలవుండేది. మనామా బజారులో ఉన్న గుడికి వెళ్తే అన్నయ్య వచ్చేవాడు. క్యాంపు భోజనం సంగతులు, ఓవర్‌టైం సంగతులు అయ్యాక ఒకరోజు ఈ సంగతి చెప్పాను. అన్నయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఏంటే చెల్లాయ్, ఇదేదో తేడాగా ఉంది. రేపేదైనా అయితే తెల్లోళ్లని ఎవడూ ముట్టుకోడు. పనిమనిషి ఎవత్తని అడుగుతారు. నువ్వు ఎత్తుకొచ్చావనేసి చేతులు దులిపేసుకుంటారు" అన్నాడు. ఆ మాటతో నాకు నిద్ర పట్టడం మానేసింది. పని పోతే ఇంకో పని దొరుకుతుందేమో, దొంగతనం చేసి తిరిగొచ్చిందన్న మాట మా ఊరికి చేరితే నా పిల్లలు తలెత్తుకు తిరగలేరు. ఆ చేతివేళ్లు పోయిన మనిషి, నన్ను పంపినందుకు ఊరంతా అనే మాటలు అప్పటికే పడుతున్నాడు.

అందుకని నా జాగ్రత్త నేను చేసుకుందామనుకున్నాను. బజారులో ఒక రూళ్ల పుస్తకం కొని, మధ్యాహ్నాలు మేడమ్ తన స్నేహితురాలింటికి టీకి వెళ్లినప్పుడు ఒక్కొక్క వస్తువూ అందులో ఎక్కించడం మొదలుపెట్టాను. పై అర, ఎడమనుంచి మూడోది, వంతెన పళ్లెం, నేను రాకముందునుంచీ ఉంది. మధ్య అర, ముసలాడి కూజా, శ్రావణంలో శుక్రవారం వచ్చింది, పొట్లం మేడమే విప్పింది. ఇలా రాసి, పక్కన దాని అడుగున ఉన్న గుర్తు బొమ్మ వేసేదాన్ని. మెలికల ముగ్గులు వేసిన చెయ్యి కాబట్టి ముడులు, కిరీటాలు అచ్చు దిగినట్టు వచ్చేవి. రేపు పోలీసులొస్తే ఏది ఎప్పుడొచ్చిందో, ఎవరు తెచ్చారో చూపిస్తానని నా ధైర్యం.

బొమ్మ సరిగ్గా రావాలని పుస్తకాల్లో ఆ గుర్తు ఎక్కడుందో వెతికి పోల్చుకునేదాన్ని. అలా వెతుకుతూ ఉండగా తమాషా ఒకటి కనిపెట్టాను. కొన్ని పళ్లేల వెనకున్న గుర్తు పుస్తకంలో ఉన్నట్టే ఉండి కాస్త తేడాగా ఉండేది. తాడు ముడి కుడికి మెలిక తిరగవలసింది ఎడమకి తిరిగేది, కిరీటానికి ఒక చుక్క తగ్గేది. ముగ్గులో చుక్క తప్పితే కంటికి ఎలా కొడుతుందో అలా కొట్టేది. అటువంటివాటి పక్కన నా పుస్తకంలో ఇంటూ మార్కు పెట్టుకున్నాను, ఎందుకని అడిగితే చెప్పలేను.

దొంగచాటు పని ఎంతకాలం దాగుతుంది? నేను కూర తరిగిన చేత్తోనే పుస్తకం తిప్పినట్టున్నాను, ఒక పేజీ అంచున పసుపు వేలిముద్ర పడింది. మేడమ్ నన్నేమీ అడగలేదు. కాని ఆ మర్నాటినుంచి పుస్తకాల మధ్య దారప్పోగంత సన్నటి కాగితం ముక్కలు కనబడసాగాయి. తెరిస్తే కింద పడాలని పెట్టినవి. నేనూ తక్కువ తిన్నానా, ముక్క ఎక్కడుందో చూసుకుని తెరిచేదాన్ని, మూసేటప్పుడు మళ్లీ అక్కడే పెట్టేదాన్ని. సాయంత్రంపూట ఆవిడ అద్దాల ముందు నిలబడి వేలుతో చూపిస్తూ సామాను లెక్కపెట్టుకునేది, నేను వంటింటి గుమ్మంలోంచి ఆవిడ లెక్కపెట్టడం చూసేదాన్ని. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఆ ఇంట్లో ఇద్దరం ఎవరికి వాళ్లం ఎదుటిమనిషే ఆ ఇంటిదొంగ అనుకుంటూ, ఉదయం కాగానే గుడ్ మార్నింగ్ చెప్పుకునేవాళ్లం.

ఒక శుక్రవారం గుడినుంచి వచ్చేసరికి ముందుగది మధ్యలో నా ట్రంకుపెట్టె తెరిచి ఉంది. సారు, మేడమ్ సోఫాలో కూర్చున్నారు. వాళ్ల ముందు బల్ల మీద నా రూళ్ల పుస్తకం, దాని పక్కన నా పాస్‌పోర్టు. కారు తాళాలు చేతిలో పట్టుకుని డ్రైవరు భాయ్ తల వంచుకుని నిలబడ్డాడు. తెలుగు చదివి చెప్పడానికి అతన్ని పిలిపించారు. పాస్‌పోర్టు సొరుగులోంచి బయటికొచ్చిందంటే దాని అర్థమేమిటో గల్ఫులో పనిచేసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అయితే విమానమెక్కించి ఇంటికి, లేకపోతే పోలీసుల దగ్గరికి.

"అక్కా, గీ పుస్తకం నేను సదివిన. ఏ అరల ఏమున్నదో అంత రాసినవ్. ఎవలకిద్దామని రాసినవో జెప్పమంటున్రు" అన్నాడు భాయ్, నా మొహం వైపు చూడకుండా.

ఆలోచించి చూస్తే తప్పు వాళ్లదీ కాదు. ఇంట్లో ఉన్న ఖరీదైన సామాను మొత్తం, ఏది ఎక్కడుందో, గుర్తుతో సహా పనిమనిషి రహస్యంగా రాసుకుందంటే ఎవరైనా ఏమనుకుంటారు? కాని ఆ క్షణాన నాకు ఆలోచన లేదు, భయం ముదిరి కోపమైంది. "సొమ్ము ఎవరిదో ముందు ఆవిణ్ణి చెప్పమను భాయ్! ఆ పళ్లేల వెనకున్న పేర్లల్లో ఆవిడ పేరేదో చూపించమను" అన్నాను.

భాయ్ నా దగ్గరికి జరిగాడు. "అల్లా! గీ మాట నేనెట్ల జెప్పాలె అక్కా? ఇద్దరి నౌకరీ ఖలాస్ అయితది."

ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. అతను తాళాలు గట్టిగా పట్టుకుని, సన్నటి గొంతుతో ఇంగ్లీషులో చెప్పాడు. ముందు సారు నవ్వాడు. కళ్లవెంట నీళ్లు వచ్చేలా నవ్వాడు. మేడమ్ నవ్వలేదు, ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. లేచి వెళ్లి అన్నిటికన్నా లావుపాటి పుస్తకం తెచ్చి నా ముందు పరిచి, భాయ్‌చేత ఒక్కొక్క మాటా చెప్పించింది. అవి సొంతదారుల పేర్లు కావట, ఆ పళ్లేలు తయారుచేసిన వాళ్ల పేర్లట. వందేళ్ల కిందటో రెండొందలేళ్ల కిందటో ఎవరు చేశారో, ఏ ఊళ్లో చేశారో తెలుసుకోవడానికే ఈ పుస్తకాలట. పాతవాటికి గిరాకీ ఉంది కాబట్టి దొంగ గుర్తులు వేసి అమ్మేవాళ్లు ఉంటారట, అసలు గుర్తు ఇది, నకిలీ ఇది అని పక్కపక్కన చూపించే పేజీలు కూడా ఉన్నాయి. దేశం పేరుతో సహా విపులంగా రాసుంటే అది అంత పాతది కాదట, కింద బీరువాలో తాళం వేసినవన్నీ అటువంటివీ, నకిలీవీనట.

నేను ఒక్క ముక్క నమ్మలేదు. కుండ చేసినవాడు కుండ మీద పేరు రాసుకోవడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మా ఊరి కుమ్మరి చేసిన కుండలో మూడు తరాలు మజ్జిగ చిలికారు కాని అతని పేరు అడిగినవాళ్లు లేరు. పేరంటే కొన్నవాళ్లది ఉంటుంది, లేకపోతే కానుకిచ్చిన వాళ్లది ఉంటుంది. అదే చెప్పి, నా మాట రుజువు చేద్దామని ట్రంకుపెట్టెలోంచి నా స్టీలు డబ్బా తీసి భాయ్ చేతిలో పెట్టి, మూత మీదున్న పేరు చదివి వాళ్లకి చెప్పమన్నాను.

భాయ్ చదివాడు. మళ్లీ చదివాడు. "అక్కా, ఇది నీ పేరు కాదు గదా" అన్నాడు.

నిజమే, అది మా తోటికోడలి పేరు. ప్రయాణం హడావిడిలో, నా డబ్బాకి మూత వదులైతే, వంటింట్లో పక్కనే ఉన్న ఆవిడ డబ్బాలో సున్నుండలు సర్దుకుని వచ్చేశాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడిగితే ఇచ్చేదేనని ఎవరూ అడక్కుండానే అనేశాను. భాయ్ ఆ మాట ఇంగ్లీషులోకి తిప్పలేదు. కాని మేడమ్‌కి నా మొహం చూస్తేనే అర్థమైనట్టుంది. డబ్బా అందుకుని, భూతద్దం పెట్టి ఆ చుక్కల అక్షరాలు ఒక్కొక్కటీ చూసి, తన పళ్లేల్ని పట్టుకున్నంత జాగ్రత్తగా రెండు చేతులా పట్టుకుని నాకు తిరిగిచ్చింది. సారుతో ఏదో అంది. ఆయన పాస్‌పోర్టు తీసి మళ్లీ సొరుగులో పెట్టేశాడు. నేను వంటింట్లోకి వెళ్లి, నీళ్ల పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

మేడమ్ నా రూళ్ల పుస్తకం మాత్రం వెంటనే ఇవ్వలేదు. రెండు రోజులు తన దగ్గర పెట్టుకుని నేను వేసిన బొమ్మల్ని తన పుస్తకాలతో పోల్చుకుంది. నేను ఇంటూ మార్కు పెట్టినవి అయిదు. మూడింటి మీద ఆవిడకి ముందే అనుమానముండి, తేల్చుకోలేక బయటే ఉంచింది. తక్కిన రెండూ అసలైనవేననుకుని అద్దాల బీరువాలో దీపం కింద పెట్టుకుంది. వాటిలో ఒకటి, ఆవిడ రోజూ టీకి వెళ్లే స్నేహితురాలు అమ్మినదే. ఆ తరవాత ఆ స్నేహితురాలు మా ఇంటికి రాలేదు, ఈవిడా వెళ్లలేదు. అమ్మినామెకి అది నకిలీదని తెలుసో తెలియదో భగవంతుడికెరుక. పరాయి దేశంలో ఆవిడకున్న ఒక్క తోడునీ నా ఇంటూ మార్కు దూరం చేసిందే అని నాకిప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ తరవాత నుంచి పొట్లం విప్పేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. పుస్తకం నా ఒళ్లో, పళ్లెం ఆవిడ ఒళ్లో. ముడి ఎటు తిరిగిందో నేను వేలుతో చూపించేదాన్ని. ఆ పుస్తకాల్లో రాసినదాని మీద కూడా ఆవిడకి నమ్మకం లేదు, ఒక పుస్తకం చెప్పింది ఇంకో పుస్తకంతో సరిచూసుకుని, రెండూ తప్పని అంచున పెన్సిలుతో రాసేది. అలా రెండేళ్ల పైన గడిచింది. నిజం తెలిశాక అనుమానం తీరిపోయి మేమిద్దరం అక్కచెల్లెళ్లమైపోయామని రాస్తే చదవడానికి బావుంటుంది కాని అబద్ధమవుతుంది. ఆవిడ సాయంత్రం లెక్క మానలేదు. నేను రూళ్ల పుస్తకం మానలేదు.

సారు కాంట్రాక్టు అయిపోయి వాళ్లు దేశం వెళ్లిపోయేటప్పుడు సామానంతా ఓడకెక్కింది. చెక్కపెట్టెల్లో పళ్లేలకన్నా పుస్తకాలే ఎక్కువ బరువు తూగాయి. నా వీసా కూడా దానితోనే అయిపోయింది. నేను బయలుదేరే రోజు పొద్దున్న మేడమ్ ఒక చిన్న పళ్లెం తెచ్చి నా చేతిలో పెట్టింది. నీలం పిట్టలది, నేను కడిగేటప్పుడు కాస్త ఎక్కువసేపు పట్టుకునేదాన్నని గమనించినట్టుంది. పట్టుకోగానే నాకు కలిగింది సంతోషం కాదు. విమానాశ్రయంలో పెట్టె తెరుస్తారు, ఇదెక్కడిదని అడుగుతారు, అన్నయ్య ఎప్పుడో అన్న మాటే నిజమవుతుందనిపించింది. భాయ్‌ని పిలిచి, ఇది నాకిచ్చినట్టు కాగితం రాసిమ్మనమని చెప్పాను.

భాయ్ చెప్పాడు. ఆవిడ నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. కోపం కాదు. ఎవరైనా ఆప్యాయంగా పట్టుకున్న చేతిని మనం విడిపించుకుంటే చూస్తారే, అలా చూసింది. బల్ల దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టింది. రాసింది, ఆగింది, మళ్లీ రాసింది. పళ్లెం ఇచ్చానని చెప్పడానికి ఇంతసేపెందుకని నాకు మళ్లీ అనుమానం. గొలుసుకట్టు రాత, ఒక్క అక్షరం కూడబలుక్కోలేకపోయాను. దీన్ని పట్టుకోండని రాసిందేమోనన్న భయంతో దారిపొడుగునా ఆ కాగితం జాకెట్లో దాచుకుని, కస్టమ్స్ వాళ్లు కనపడినా పైకి తియ్యలేదు. నన్నెవరూ ఏమీ అడగలేదు.

ఇంటికొచ్చి ముందుగా తోటికోడలి డబ్బాలో ఖర్జూరాలు నింపి తిరిగిచ్చాను. అది పోయిన రోజునుంచీ పక్కింటావిడే తీసిందనుకుని, మూడేళ్లకి పైగా ఆవిడతో మాటలు మానేసిందట. పక్కింటావిడ అప్పటికే చనిపోయి ఆరు నెలలైంది. తోటికోడలు ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత మీదున్న తన పేరు వేలితో తడుముకుంది.

మేడమ్ రాసిన కాగితం పెట్టె అడుగున పడి ఉండిపోయింది. మా అమ్మాయి డిగ్రీలో చేరాక ఒకరోజు పెట్టె సర్దుతూ అది తీసి, ఇదేమిటమ్మా అంటూ చదివి తెలుగులో చెప్పింది. ఈ పళ్లెం ఈమెది, నేనిచ్చాను. నాలుగేళ్లు ఈమె నా ఇంట్లో ఉంది, ఒక్క చెంచా కూడా పోలేదు. ఒకరోజు ఈమె లేనప్పుడు నేను ఈమె పెట్టె తెరిచాను. అది నేను చెయ్యకూడని పని, ఆ మాట ఈమెతో చెప్పడానికి నాకు భాష లేదో ధైర్యం లేదో, అందుకని ఇక్కడ రాస్తున్నాను. కింద సంతకం ఉంది. చిరునామా లేదు. దొంగ అన్న మాట ఎక్కడ మీద పడుతుందోనని నాలుగేళ్లు వణికినదాన్ని, ఆ మాట నా మీద పడదని రాసిచ్చిన కాగితాన్ని పదేళ్లకి పైగా బోర్లించి పెట్టి ఉంచాను. జవాబు రాయాలని ఉంది, ఎక్కడికని రాయను?

ఇప్పుడు రోజులు మారాయి. గిన్నెల మీద పేర్లు లేవు, ఒకరింటి గిన్నె ఇంకొకరింటికి వెళ్లడమూ లేదు. కాగితం ముక్కలు పెట్టి కనిపెట్టుకోనక్కర్లేదు, మా కోడలు వంటింట్లో సింకు పైన చిన్న కెమెరా పెట్టించి, ఆఫీసులో కూర్చునే ఫోనులో చూసుకుంటుంది. తప్పని అనను, తన భయం తనది. అంట్లు తోమడానికి వచ్చే మనిషి ముప్పై దాటని పిల్ల, మొగుడికి ఒంట్లో బావుండదు, ఇద్దరు పిల్లలు. పని చేస్తూ చేస్తూ మధ్యలో ఒకసారి తలెత్తి ఆ కెమెరా వైపు చూసి, కొంగు సర్దుకుని, మళ్లీ తల వంచుకుంటుంది. ఆమె మా ఇంటికి వస్తూ అయిదో ఏడు నడుస్తోంది. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఒక్క చెంచా పోలేదు. ఆమెకీ నాకూ భాష ఒకటే, అయినా ఆ మాట నేను ఆమెతో ఇంకా అనలేదు.